ఒడిలో కంప్యూటరుకి ఊపిరాడనివ్వండి

పొద్దున ఎనిమిదింటప్పుడు మైలవరంలో బస్సు దిగే పిల్లల వీపులకేసి ఓసారి చూడండి. ఆడపిల్లయినా మగపిల్లాడయినా ప్రతి వీపు మీదా ఓ నల్ల సంచీ. అందులో రికార్డు పుస్తకం, టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా... వీటన్నిటి మధ్యా నలిగిపోతూ ఓ లాప్‌టాప్. ఈ ఊళ్లో 1998 నుంచీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. విజయవాడ నుంచి సుమారు 40 కిలోమీటర్లు రోజూ వచ్చిపోయే పిల్లలున్నారు, హాస్టళ్లలో ఉండేవాళ్లున్నారు. ప్రాజెక్టు రాయాలన్నా, ఇంటి నుంచే ఉద్యోగం పరీక్ష రాయాలన్నా, ఇంటర్వ్యూ ఇవ్వాలన్నా అన్నిటికీ ఆ సంచీలో వస్తువే ఆధారం.

దానికి ఎంతయిందో అమ్మకి బాగా తెలుసు. చీటీ పాడి కొన్నవాళ్లున్నారు. గాజులు బ్యాంకులో పెట్టి కొన్నవాళ్లున్నారు. నెలనెలా వాయిదాలు కట్టేవాళ్ల సంగతి సరేసరి. ఫ్రిజ్ కొంటే పైన లేసు గుడ్డ పరుస్తాం. మిక్సీని వాడిన ప్రతిసారీ తుడిచి పెడతాం. అన్నిటికన్నా ఖరీదైన ఈ వస్తువుని మాత్రం ‘అదంతా పిల్లల వ్యవహారం, మనకేం తెలుస్తుంది’ అని వదిలేస్తాం. పిల్లలేమో దాన్ని పరుపు మీద బోర్లాపడేసి నిద్రపోతారు. నిజానికి లాప్‌టాప్ చెడిపోయే కారణాల్లో చాలావాటికి కంప్యూటర్ చదువుతో పనే లేదు. వేడి, దుమ్ము, తడి, కరెంటు... ఇవే దాని శత్రువులు. వీటితో రోజూ వేగేది మనమే కదా!

పరుపు మీద పొయ్యి

లాప్‌టాప్ అంటేనే ఒడి మీద పెట్టుకునేది అని అర్థం. కానీ తయారుచేసినవాళ్లు దాన్ని పరుపు మీద పెట్టమని ఎక్కడా చెప్పలేదు. చాలా లాప్‌టాప్‌లకి అడుగున సన్నటి చీలికలుంటాయి. లోపలి చిన్న ఫ్యాను ఆ చీలికల్లోంచి చల్లగాలి పీల్చి, పక్క నుంచో వెనక నుంచో వేడిగాలి వదులుతుంది. మెత్తటి పరుపు మీదో దిండు మీదో పెడితే అడుగు భాగం అందులో కూరుకుపోతుంది. చీలికలు మూసుకుపోతాయి. ఇక లోపలి వేడికి బయటికి దారేదీ? ఫ్యాను గోలగోలగా తిరుగుతుంది, అయినా లాభం ఉండదు. వేడి హద్దు దాటితే యంత్రం తనని తాను కాపాడుకోడానికి పని నెమ్మదిస్తుంది. ‘మా అమ్మాయి లాప్‌టాప్ స్లో అయిపోయింది, కొత్తది కొనమంటోంది’ అనే తల్లులు ముందు అది ఎక్కడ కూర్చుని పనిచేస్తోందో చూడండి.

పైగా మన ఎండలు సామాన్యమా! మామూలుగా లాప్‌టాప్ కంపెనీలు గదిలో వేడి 35 డిగ్రీల దాకా ఉంటే వాడుకోవచ్చంటాయి. మన కృష్ణా తీరంలో మే నెలలో 40 దాటడం మామూలే, 45 కూడా చూస్తుంటాం. రేకుల గదిలో మధ్యాహ్నం రెండింటికి ఇంకెంత ఉంటుందో వేరే చెప్పాలా? ఆ రోజుల్లో బరువైన పని ఉంటే తెల్లవారుజామున చేసుకోమనండి. అడుగున పరీక్షలకి వాడే అట్ట పెట్టుకున్నా చాలు. ఇంట్లో పీట ఉంటే మరీ మంచిది. వెనకవైపు రెండు సీసా మూతలు పెట్టి కాస్త ఎత్తు చేస్తే గాలి ఇంకా బాగా ఆడుతుంది. వేలకి వేలు పోసి కూలింగ్ స్టాండు కొనక్కర్లేదు. ఎండలో ఆపిన కారులో మాత్రం దాన్ని ఒక్క గంట కూడా వదలకండి.

వేడికి అందరికన్నా ముందు దెబ్బతినేది బ్యాటరీ. ఈ లిథియం అయాన్ బ్యాటరీలు 1991లో సోనీ కంపెనీతో బజారులోకొచ్చాయి. వీటిని కనిపెట్టిన ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. అంత గొప్ప వస్తువుకీ ఓ బలహీనత ఉంది. నిండా చార్జి అయి, వేడిగా, అలాగే గంటలకొద్దీ ఉంటే తొందరగా ముసలిదవుతుంది. పూర్తిగా ఖాళీ చేసి రోజులతరబడి వదిలేసినా చెడుతుంది. అందుకే 20 శాతానికి పడిపోకముందే చార్జింగు పెట్టడం, 80 దాకా వచ్చాక తీసేయడం మంచి అలవాటు. రోజంతా ప్లగ్గుకి తగిలించి వాడేవాళ్లకి, 80 దగ్గరే ఆగిపోయే ఏర్పాటు ఈమధ్య చాలా కంపెనీల లాప్‌టాప్‌లలో వస్తోంది. అది ఎక్కడుందో పిల్లల్నే అడగండి, రెండు నిమిషాల్లో పెట్టేస్తారు. సెలవులకి నెలరోజులు వాడకుండా ఉంచాల్సొస్తే సగం చార్జితో పూర్తిగా ఆపేసి, చల్లటి చోట పెట్టండి. బీరువాలో బట్టల మధ్య ఫర్వాలేదు. అటక మీద మాత్రం వద్దు.

పోపు పొగ, సాంబ్రాణి ధూపం

దుమ్ము విషయానికొస్తే మనకి కొరతేం లేదు. ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చే దారిలో థర్మల్ విద్యుత్కేంద్రం బూడిద ఒకవైపు, లారీలు లేపే రోడ్డు దుమ్ము ఇంకోవైపు. ఉత్త దుమ్మయితే ఫ్యాను కొంత బయటికి నెట్టేస్తుంది. దానికి జిడ్డు తోడయితేనే చిక్కు. వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని యూట్యూబులో వంట చూస్తూ పోపు వేస్తాం కదా, ఆ నూనె పొగ లోపలికి వెళ్లి ఫ్యాను రెక్కలకి పూతలా అంటుకుంటుంది. దాని మీద దుమ్ము పేరుకుంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలు ఎలా ఉంటాయో ఊహించుకోండి, లోపలా అదే కథ. సాంబ్రాణి, అగరొత్తుల పొగ, ఒంటికి చల్లుకునే పౌడరు కూడా అంతే. వంటలు చూడాలంటే ఫోను చాలు, లాప్‌టాప్‌ని గడప దాటి ఇవతలే ఉంచండి.

ఏడాదికోసారి తెలిసినవాళ్ల చేత అడుగు మూత తీయించి లోపల శుభ్రం చేయించడం మంచిది. ఇంట్లో చేసే పని ఏమిటంటే, ఆపేసి, వైరు తీసేసి, పెయింటు వేసే మెత్తటి కుంచెతో మీటల సందుల్లోనూ చీలికల దగ్గరా దులపడం. నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి. స్క్రీను తుడవడానికి అద్దాలు తుడిచే నీలం మందు పనికిరాదు. అందులో ఘాటు రసాయనాలు తెర మీది పలచటి పూతని తినేస్తాయి. కళ్లజోడుతో ఇచ్చే మెత్తటి గుడ్డ చాలు. మరకలుంటే గుడ్డని నీళ్లతో తడిపి గట్టిగా పిండి తుడవండి. నీళ్లు తెర మీదే చిలకరించకూడదు సుమా. చేతికి దొరికింది కదా అని చీర చెంగుతో తుడిచేయకండి, జరీ పోగు ఒక్కటి తగిలినా గీత పడుతుంది.

తింటూ పనిచేసే పిల్లలకి ఇంకో భయం చెప్పండి. జంతికల పొడి, బిస్కెట్ల పొడి మీటల కిందికి పోతే చీమలు బారులు తీరతాయి. వెచ్చగా ఉంటుందని బొద్దింకలూ కాపురం పెడతాయి. అప్పుడు పురుగుల మందు లాప్‌టాప్ మీద కొట్టడం కంటే తెలివితక్కువ పని ఉండదు.

అన్నట్టు, దసరాకి ఆయుధపూజ చేస్తాం. ఇంద్రకీలాద్రి మీద మూలా నక్షత్రం రోజు అమ్మవారికి సరస్వతీదేవి అలంకారం అయితే, ఇంట్లో పుస్తకాలతో పాటు లాప్‌టాప్‌ని కూడా పీట మీద పెట్టేవాళ్లున్నారు. చదువుల తల్లి వస్తువే కాబట్టి తప్పేం లేదు. బొట్టు మూత మీద పెట్టండి. అక్షింతలు వేసేటప్పుడు మూత మూసి ఉంచండి. బియ్యపు గింజ ఒక్కటి మీట కింద ఇరుక్కుంటే దేవి కూడా ఏమీ చేయలేదు.

మూడో పిన్ను విరగ్గొట్టకండి

చాలా ఇళ్లల్లో ఓ విచిత్రం కనిపిస్తుంది. చార్జరు ప్లగ్గుకి మూడు పిన్నులుంటే, సాకెట్లో రెండే పడతాయని పైన లావు పిన్ను విరగ్గొట్టేస్తారు. ఆ లావు పిన్ను ఎర్తు కోసం. అది లేకపోతే లాప్‌టాప్ రేకు భాగం మీద చెయ్యి ఆనించినప్పుడు జిల్లుమంటుంది. ప్లగ్గు బాగానే ఉన్నా జిల్లుమంటోందంటే గోడలో ఎర్తింగు సరిగ్గా లేదేమో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. దానివల్ల ఫ్రిజ్‌కీ గీజరుకీ కూడా మేలే.

లాప్‌టాప్‌కి స్టెబిలైజరు కావాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. చార్జరు మీద సన్నటి అక్షరాల్లో 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది, ఆ మధ్య ఎంతున్నా సర్దుకుంటుంది. దాన్ని చంపేది ఒక్కసారిగా వచ్చిపడే దెబ్బ. కరెంటు పోయి తిరిగొచ్చేటప్పుడు ఒకటి, పిడుగు ఒకటి. 2018 ఏప్రిల్ 24న ఒక్క రోజులో, 13 గంటల్లో, ఆంధ్రప్రదేశ్ మీద 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఉరుములు మొదలవగానే ప్లగ్గు ఊడబీకేయడం ఒక్కటే నమ్మదగ్గ ఉపాయం. స్విచ్ ఆపితే చాలదు. బ్యాటరీ ఉందిగా, పని ఆగదు.

చార్జరు పోతే బజారులో తక్కువకి దొరికే నకిలీవి ఉంటాయి. పాతదాని మీద ఎన్ని వోల్టులని ఉందో కొత్తదాని మీదా సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండొచ్చు, ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ ఉండకూడదు. ఈ మూడు ముక్కలు కాగితం మీద రాసుకుని వెళితే కొట్టువాడు మిమ్మల్ని ఏమార్చలేడు. వైరుని ఇటుకలాంటి ఆ డబ్బా చుట్టూ బిగించి చుట్టకండి. మెడ దగ్గర లోపలి తీగ తెగుతుంది. పూలదండలా వదులుగా చుట్టాలి.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుంచుకోండి. లాప్‌టాప్ బల్ల మీద పెడితే గిలకలా ఊగుతున్నా, వేలితో రుద్దే పలక పైకి లేచినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. ఇక దాన్ని చార్జింగు పెట్టకూడదు. నొక్కకూడదు, గుచ్చకూడదు. ఆపేసి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి. బ్యాటరీలు అంటుకునే ప్రమాదం ఉందని 2006 ఆగస్టులో డెల్ కంపెనీ ఏకంగా 41 లక్షల బ్యాటరీలు వెనక్కి తీసుకుంది. పేరున్న కంపెనీ కొన్నా మన కన్ను మనకి ఉండాల్సిందే.

సంచీలో సంసారం

మళ్లీ ఆ నల్ల సంచీ దగ్గరికొద్దాం. నీళ్ల సీసా, పప్పుచారు గిన్నె, లాప్‌టాప్ ఒకే అరలో ఉంటే ఏదో ఒకరోజు ఒలికి తీరుతుంది. టిఫిన్‌కి వేరే చేతిసంచీ కుట్టివ్వండి. కుట్టుమిషను ఉన్న ఇల్లయితే పాత దుప్పటి ముక్కని మడిచి లాప్‌టాప్‌కి ఓ ఒర కుట్టొచ్చు, బస్సు కుదుపులకి అదే దిండవుతుంది. సంచీలో పెట్టేముందు పూర్తిగా ఆపేయమనండి. మూత మూస్తే చాలనుకుంటారు. అప్పుడది నిద్రపోతుంది అంతే, దారిలో మేలుకుందంటే ఆ సంచీలోనే వేడెక్కిపోతుంది. మూత మూసేటప్పుడు మీటల మీద పెన్ను, ఇయర్‌ఫోను ఉండిపోతే తెర పగులుతుంది. కెమెరాకి అంటించే మందపాటి మూతల వల్లా పగుళ్లొస్తాయని ఆపిల్ కంపెనీ 2020లో హెచ్చరించింది. కెమెరా మూయాలనుకుంటే చిన్న కాగితం టేపు ముక్క చాలు.

బుడమేరు వచ్చినప్పుడు

తడి సంగతి మాట్లాడాలంటే బుడమేరు గుర్తురాకుండా ఉంటుందా? మన మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు ఒకటిన కురిసిన వానకి దాని కట్టలు తెగాయి. విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి. సెప్టెంబరు 7కి గాని గండ్లు పూడ్చలేకపోయారు. నీళ్లు తీశాక ఇళ్లల్లో బురదలోంచి పైకి తీసిన వస్తువుల్లో టీవీలూ ఫ్రిజ్‌లతో పాటు లాప్‌టాప్‌లూ ఉన్నాయి. కొత్త లాప్‌టాప్ మళ్లీ కొనుక్కోవచ్చు, అప్పయినా చేసి. అందులో ఉన్న నాలుగేళ్ల ప్రాజెక్టు, తాతగారి ఆఖరి ఫోటోలు, సర్టిఫికెట్ల నకళ్లు ఎక్కడ కొంటాం?

అలాంటి సమయంలో ఎవరికైనా చేతులూరుకోవు. తుడిచేసి ‘ఆన్ అవుతుందేమో చూద్దాం’ అని బటన్ నొక్కేస్తారు. అక్కడే కొంప మునుగుతుంది. తడి ఉండగా కరెంటు ప్రవహిస్తే లోపలి సన్నటి దారులు కాలిపోతాయి, తుప్పు గబగబా పాకుతుంది. నొక్కకుండా ఊరుకుంటే బతికించుకునే అవకాశం కొంతైనా ఉంటుంది. ముఖ్యంగా సమాచారం దాచే భాగాన్ని విడిగా తీసి మరో యంత్రంలో చూడొచ్చు. వరదలో మునిగిన లాప్‌టాప్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఆన్ చేయొద్దు, చార్జింగు పెట్టొద్దు. ఇంకో మాట. మునిగిన బ్యాటరీ పైకి బాగానే ఉన్నా కొన్ని రోజుల తర్వాత అంటుకోవచ్చు. అందుకని దాన్ని పడకగదిలో ఉంచకుండా, ఆరుబయట నీడలో, కాలే వస్తువులకి దూరంగా పెట్టి, వీలైనంత త్వరగా మెకానిక్‌కి అప్పగించాలి.

వరదలు రోజూ రావు. కాఫీ కప్పు మాత్రం రోజూ వస్తుంది. ఒలికిన వెంటనే ఏం చేయాలి? గోడ ప్లగ్గు తీయండి. పవర్ బటన్ పది సెకన్లపాటు అలాగే నొక్కి పట్టుకుని ఆపేయండి. రాసుకున్నది సేవ్ చేసుకుందామని ఆగొద్దు. మూత బాగా తెరిచి, గుడారంలా బోర్లించి, కింద పొడి తుండు వేయండి. అలా చేస్తే నీళ్లు లోపలికి దిగకుండా కిందికి కారిపోతాయి. ఊపకండి, విదిలించకండి. హెయిర్ డ్రయ్యరు పెడితే తడి ఇంకా లోపలికి పోతుంది, ప్లాస్టిక్కూ మెత్తబడుతుంది. బియ్యం డబ్బాలో పెట్టడం అందరికీ తెలిసిన చిట్కా, దానివల్ల ఒరిగేదేమీ లేదు. బియ్యపు పొడి, నూక చీలికల్లో దూరడం తప్ప. ఉత్త మంచినీళ్లయితే ఓ రెండు రోజులు ఆరనిచ్చి చూడొచ్చు. పాలు, పంచదార, ఉప్పు ఉన్నదేదైనా ఆరిపోయినా లోపల తినేస్తూనే ఉంటుంది. కాఫీ, కొబ్బరినీళ్లు, మజ్జిగ పడితే ఆరోజే విప్పించి శుభ్రం చేయించాలి. ‘పనిచేస్తోందిగా’ అని ఊరుకుంటే నెల తిరక్కుండా చేతులెత్తేస్తుంది.

వానాకాలంలో చెమ్మకి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా లాప్‌టాప్ సంచీలో వేయండి. వాడినా వాడకపోయినా వారానికోసారి అరగంట నడపండి.

రెండో చోట కూడా ఉండాలి

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్తకి లాప్‌టాప్‌ని తాకనక్కర్లేదు. అందులో ఉన్నది ఇంకో చోట కూడా ఉందా? ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొని నెలకోసారి అంతా అందులోకి ఎక్కించి, ఇంకో ఊళ్లో ఉన్న అక్కయ్య ఇంట్లోనో తమ్ముడింట్లోనో పెట్టండి. అదే బీరువాలో పెడితే వరదొచ్చినా దొంగొచ్చినా రెండూ పోతాయి. పెన్‌డ్రైవ్‌ని మాత్రమే నమ్ముకోకండి. సర్టిఫికెట్లకి 2015 నుంచీ ప్రభుత్వ డిజీలాకర్ ఉంది. ఇక కొత్త విండోస్ లాప్‌టాప్‌లలో చాలావాటికి లోపలి సమాచారానికి తాళం దానంతటదే పడుతుంది. యంత్రం చెడితే ఆ తాళం తీయడానికి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అదేమిటో ఇప్పుడే వెతికించి, రేషన్ కార్డు పెట్టే కవర్లో రాసి దాచండి. ఇంకా విండోస్ 10 నడిపేవాళ్లుంటే, మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో దానికి మామూలు భద్రతా సవరణలు ఆపేసిందని గుర్తుంచుకోవాలి.

రిపేరుకి ఇచ్చేటప్పుడు ఆడపిల్లల లాప్‌టాప్ విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ఫోటోలు, బ్యాంకు వివరాలు, మెయిలు అన్నీ తెరిచే ఉంటాయి. తెరో, మడతబందో, మీటలో బాగుచేయడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. అడిగితే ఎందుకని నిలదీయండి. కుదిరితే డిస్కు తీసి ఇంటికి తెచ్చుకోండి, లేదా ఎదురుగా కూర్చుని చేయించుకోండి. ఇచ్చేముందు అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫోనులో ఫోటో తీసుకుని, రసీదు మీద రాయించుకోండి. మార్చిన పాత భాగం తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. ఇక బాగుపడదని తేలిన లాప్‌టాప్‌ని పాత సామాన్లవాడికి తూకానికి వేసేయకండి. అందులో డిస్కు తీయించి మీ దగ్గర ఉంచుకుని, మిగతాది ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకుంటారా అని కొట్లోనే అడిగితే ఆ తిరుగుడూ తప్పుతుంది.